గిన్నెలు సర్దితే ఏడ్చిందంటారా?

ఈసారి ఉత్తరాల కట్టలోంచి ఒకే గూటివి అయిదు తీసి పక్కన పెట్టాను. అయిదిళ్ళలోనూ క్యాన్సర్ చికిత్స నడుస్తోంది. రాసినవాళ్ళెవరూ రోగులు కారు, పక్కనున్నవాళ్ళు. నేను డాక్టర్ని కాను. మందుల సంగతి మీ డాక్టరే చెప్పాలి. తొమ్మిదేళ్ళ క్రితం మా ఆయనకు లింఫోమా అనే క్యాన్సర్ వచ్చింది. 21 రోజులకొకటి చొప్పున 6 కీమోలు. ఆ నాలుగున్నర నెలల్లో ఇంట్లో నేను చేసిన పొరపాట్లే నా చదువు. ఆయన ఇప్పుడు పక్క గదిలో పేపరు చదువుకుంటున్నారు. ఈ ఉత్తరాలన్నీ ఆయనకు చదివి వినిపించాను. కాబట్టి కొన్ని జవాబులు ఆయనవి కూడా.

*మేడమ్, నా భార్యకు రొమ్ము క్యాన్సర్. రెండో కీమో అయింది. ఆఫీసుకు సెలవు పెట్టి వంట, బట్టలు, పిల్లల చదువు అన్నీ నేనే చూసుకుంటున్నాను. తనను మంచం దిగనివ్వడం లేదు. పోయిన ఆదివారం వంటగదంతా దులిపి, డబ్బాలకు పేర్లు రాసి అంటించి, నా చేతికి అందేలా సర్దుకున్నాను. చూసి సంతోషిస్తుందనుకున్నాను. గుమ్మంలో నిలబడి ఏడ్చింది. 'నేను పోయాక సర్దుకోవచ్చుగా' అంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంత చేస్తుంటే ఈ కోపం ఎందుకు? పిల్లలకు మాత్రం అమ్మకు జ్వరమని చెప్పాం. — ఒక భర్త*

బాబూ, ముందు ఆ డబ్బాలు ఎక్కడివక్కడ పెట్టెయ్యండి. అంటించిన పేర్లు మాత్రం ఉండనివ్వండి, మీకు పనికొస్తాయి. మీరు చేసింది చెడ్డ పని కాదు. కానీ ఆవిడకు జుట్టు పోయింది, నాలుకకు రుచి పోయింది, రేపు లేవగలుగుతుందో లేదో తనకే తెలియదు. దీపం లేకపోయినా చెయ్యి చాపితే కావలసింది దొరికే చోటు ఆ వంటగది ఒక్కటే మిగిలింది. దాన్నీ మీరు మార్చేశారు.

నేనూ ఇదే పని చేశాను, గిన్నెలతో కాదు, కాగితాలతో. కరెంటు బిల్లు, బ్యాంకు, ఇన్సూరెన్స్ మా ఇంట్లో ఎప్పుడూ ఆయన పనే. వాటికో నీలం ఫైలు ఉండేది, అంచులు చిరిగిపోయి, రబ్బరు బ్యాండు వేసి. మూడో కీమో అయ్యాక ఆయనకు టెన్షన్ ఎందుకని ఆ ఫైలు తీసి నా అలమరలో పెట్టుకుని, అన్నీ నేనే కట్టేశాను. ఓ రోజు దానికోసం వెతికారు. సంగతి చెప్పాను. "అప్పుడే ఆస్తి పంచుకున్నావన్నమాట" అన్నారు. జోకు వేశారనుకుని నవ్వబోయాను. ఆయన ముఖంలో నవ్వు లేదు.

మర్నాడు ఫైలు తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయనకిచ్చిన మందుల్లో ఒకటి వేళ్ళ కొసలు తిమ్మిరెక్కిస్తుంది. పెన్ను జారిపోయేది. రెండు బిల్లులు రాసుకోవడానికి గంట పట్టింది, అందులో ఒక అంకె తప్పు. చూశాను, నోరు మూసుకున్నాను. చొక్కా గుండీలప్పుడు అంతకన్నా కష్టం. పావుగంట సేపు నాలుగు గుండీలు. నా చేతులు ముందుకు వెళ్తుంటే వెనక్కి లాక్కుని కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. నా జీవితంలో నేను చేసిన బరువైన పనుల్లో అదొకటి, నవ్వకండి.

అలాగని నీరసంగా ఉన్నప్పుడు పని చెప్పమనడం లేదు. కీమో తర్వాత రోజులన్నీ ఒకలా ఉండవు, దానికో లెక్క ఉంది. ఒక నోటుబుక్కులో 1 నుంచి 21 వరకు గళ్ళు గీసి రోజూ రెండు ముక్కలు రాసేదాన్ని. రెండో కీమోకల్లా మా ఇంటి లెక్క తెలిసిపోయింది. మొదటి 5 రోజులు స్టెరాయిడ్ మాత్రలు. నిద్ర పట్టదు, చిరాకు, ఒక్కచోట కూర్చోలేరు. రాత్రి మూడింటికి లేచి చూస్తే ఆయన ఇంట్లో చెప్పులన్నీ జతలుగా పేరుస్తున్నారు. ఆ మాత్రలు ఆపిన మర్నాటి నుంచి గాలి తీసేసినట్టు పడిపోయేవారు. రెండో వారంలో తెల్లరక్తకణాలు బాగా తగ్గుతాయి, అప్పుడు జాగ్రత్త. మూడో వారం మనిషి మళ్ళీ మనిషి అయ్యేవారు. మీ ఆవిడ మందులు వేరు కావచ్చు, లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది. మీరే రాసి చూడండి. ఆవిడ మిమ్మల్ని కసిరిన రోజు ఏ గడిలో పడిందో కూడా చూడండి. స్టెరాయిడ్ రోజుల్లో అన్న మాటకు నేను మూడు నెలలు అలగకుండా తప్పించుకున్నాను, ఆ నోటుబుక్కు పుణ్యమా అని.

కానీ ఆ మంచి వారంలో కూడా మీరు మంచం దిగనివ్వకపోతే, ఉన్న మంచి వారం కూడా ఆవిడకు లేకుండా చేస్తున్నట్టే. పైగా కీమో నీరసం పడుకుంటే తీరే నీరసం కాదు. ఓపిక ఉన్నంత మేరకు కొద్దిగా నడిస్తే తగ్గుతుందని డాక్టర్లే చెబుతారు. "నేనేం చెయ్యాలి చెప్పు" అని మాత్రం అడక్కండి. ఆలోచించి పని పురమాయించడం కూడా ఆవిడకు పనే. "బట్టలు నేను ఆరేస్తాను, మడతలు నీకు వదిలెయ్యనా?" అనండి. వద్దంటే మీరే పెట్టండి, వంకర మడతలైనా.

పిల్లల సంగతి. జ్వరమని చెప్పారు సరే, రేపు వాళ్ళకు నిజంగా జ్వరం వస్తే తమకూ జుట్టు ఊడుతుందనుకుంటారు. జబ్బు పేరు చెప్పండి. అది అంటుకోదని చెప్పండి. వాళ్ళు అల్లరి చేయడం వల్ల అమ్మకు రాలేదని చెప్పండి. అడక్కపోయినా చెప్పండి, చిన్నపిల్లలు లోపల అదే అనుకుంటారు. జుట్టు సాధారణంగా మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకు ఊడటం మొదలుపెడుతుంది. మీ పిల్లలు ఇప్పటికే చూసి ఉంటారు. వాళ్ళు ఏమనుకుంటున్నారో ముందు అడగండి.

*అక్కయ్యా, మావారికి కీమో అయి తొమ్మిది రోజులైంది. నిన్న రాత్రి ఒళ్ళు వెచ్చగా అనిపిస్తే 100.6 ఉంది. పారాసెటమాల్ వేశాను, తగ్గిపోయింది. ఈ మాత్రానికి అర్ధరాత్రి ఆసుపత్రివాళ్ళను లేపాలా? — ఒక సోదరి*

లేపాలి. ఈ ఉత్తరం నాకు చేరేసరికి ఎన్ని రోజులైందో, అప్పుడే మీరు వెళ్ళి ఉంటారని ఆశ. కీమో నడుస్తున్నప్పుడు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్ చూపించిందంటే అది అర్ధరాత్రైనా పండగ రోజైనా వెంటనే ఫోన్ చేయాల్సిన జ్వరం. వాళ్ళు చెప్పకుండా పారాసెటమాల్ వేయకూడదు. తెల్లకణాలు తక్కువగా ఉన్నప్పుడు ఇన్ఫెక్షన్‌తో పోట్లాడటానికి ఒంట్లో ఎవరూ ఉండరు. చీము పట్టదు, వాపు పెద్దగా కనిపించదు, చాలాసార్లు జ్వరం ఒక్కటే కబురు. ఆ కబురును మనం మాత్రతో నొక్కేస్తాం. జ్వరం లేకుండా ఒట్టి వణుకు పుట్టినా ఫోన్ చేయాల్సిందే.

నేను నొక్కేశాను. నాలుగో కీమో తర్వాత పదో రోజు, రాత్రి పదకొండున్నర, 100.8. మాత్ర వేశాను. గంటలో చెమట పట్టి తగ్గింది. ఎంత బాగా చూసుకుంటున్నానో అనుకుంటూ పడుకున్నాను. నాలుగింటికి మంచం చప్పుడవుతుంటే మెలకువ వచ్చింది. ఆయన వణుకుతున్నారు, ఆ వణుక్కి మంచం గోడకు కొట్టుకుంటోంది. ఆసుపత్రిలో రక్తం తీసి యాంటీబయాటిక్ ఎక్కించాక డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ "రాత్రే రాలేదేం?" అన్నారు. తగ్గింది కదా అని, అన్నాను. "తగ్గింది జ్వరమమ్మా, ఇన్ఫెక్షన్ కాదు" అన్నారావిడ, నెమ్మదిగానే. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత గుమ్మం పక్క కొక్కేనికి ఒక సంచి తగిలించాను. ఒక జత బట్టలు, ఫోన్ చార్జరు, మందుల పేర్లు, ఆఖరి కీమో తేదీ, ఏ మందు పడదో రాసిన కాగితం. అర్ధరాత్రి నాలుక తిరగదు, కాగితమే మాట్లాడాలి. థర్మామీటరు మంచం పక్కనే ఉండాలి. చేత్తో నుదురు ముట్టుకుని చూసేది లెక్కలోకి రాదు.

*మేడమ్, మా అత్తగారు మా ఆయన కంచం, గ్లాసు వేరు చేశారు. పిల్లల్ని దగ్గర పడుకోనివ్వడం లేదు. కీమో అయిపోయాక రేడియేషన్ కూడా ఉందట. 'కిరణాలు పిల్లలకు తగులుతాయి' అంటున్నారు. నేను మూడో నెల గర్భవతిని. ఏది నిజం? — ఒక కోడలు*

అమ్మాయ్, అత్తగారి భయంలో ముప్పాతిక తప్పు. మిగిలిన పావు మీకు పనికొస్తుంది కాబట్టి ఆవిడతో పోట్లాడకండి.

క్యాన్సర్ అంటుకోదు. కంచం, గ్లాసు, పక్కన పడుకోవడం, ముద్దు పెట్టడం, వీటివల్ల రాదు. బయటినుంచి యంత్రంతో ఇచ్చే రేడియేషన్ కూడా గదిలోంచి బయటికి వచ్చాక మనిషిలో మిగలదు. పిల్లలు ఒళ్ళో కూర్చోవచ్చు. థైరాయిడ్ క్యాన్సర్‌కు రేడియో అయోడిన్ మింగించినప్పుడు, లేదా రేడియేషన్ గింజలు ఒంట్లోనే అమర్చినప్పుడు మాత్రం లెక్క వేరు. అప్పుడు కొన్ని రోజులు దూరం పాటించమని ఆసుపత్రివాళ్ళే చెబుతారు, ముఖ్యంగా గర్భిణులకు, పిల్లలకు. మీ ఆయనకు ఇవ్వబోయేది ఏ రకమో అడగండి.

ఇక ఆ పావు. కీమో ఇచ్చాక రెండు మూడు రోజులపాటు ఆ మందు మూత్రంలో, వాంతిలో, మలంలో కొంత బయటికి వస్తుంది. ఆ రోజుల్లో బాత్రూమ్ వాడాక మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయాలి. వాంతి, పాడైన పక్కబట్టలు చేతికి గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకూడదు, ఆ బట్టలు వేరుగా ఉతకాలి. గర్భవతులు ఆ పని అసలు చేయకూడదు. అంటే మీరు చేయకూడదు. అది అత్తగారికి అప్పజెప్పండి, ఆవిడకూ కొడుక్కి ఏదో చేస్తున్నానన్న తృప్తి. కీమో మాత్రలు ఇంట్లోనే మింగేవైతే వాటినీ మీరు ముట్టుకోకండి. ఎవరూ విరగ్గొట్టకూడదు, పొడి చేయకూడదు. అన్నట్టు, కొన్ని మందులు ఎర్రగా ఉంటాయి. మొదటి కీమో రోజు మూత్రం రంగు చూసి మా ఆయన రక్తమనుకుని నన్ను పిలిచారు, నేను చూసి ఇంకా గట్టిగా అరిచాను. ఆ మందు రంగే అది. ఒకటి రెండు రోజుల్లో పోయింది.

అసలు భయపడాల్సిన దారి రెండోది. ఆయన నుంచి పిల్లలకు కాదు, పిల్లల నుంచి ఆయనకు. జలుబు, దగ్గు, జ్వరం ఉన్న పిల్లల్ని, చుట్టాల్ని ఆయన గదికి దూరంగా ఉంచండి. బయటినుంచి వచ్చినవాళ్ళు చేతులు కడుక్కుని రావాలి. పిల్లలకు టీకా వేయించేముందు ఇంట్లో కీమో నడుస్తోందని ఆ డాక్టరుకు చెప్పండి.

*అమ్మా, ఏది వండినా వద్దంటున్నారు. వాసనకే లేచి వెళ్ళిపోతున్నారు. రోజూ ఏడుస్తూ గిన్నెలు కడుగుతున్నాను. మా బంధువులేమో రోజుకో చిట్కా పంపిస్తున్నారు. — ఒక ఇల్లాలు*

ఈ జవాబు మా ఆయనే చెప్పారు. "నోట్లో ఇనపముక్క పెట్టుకున్నట్టు ఉండేది. దానికంటే కష్టం నువ్వు ఎదురుగా కూర్చుని నా చెయ్యి కంచంలోంచి నోటికి వెళ్ళడం లెక్కపెట్టడం." తొమ్మిదేళ్ళ తర్వాత చెప్పారీ మాట. నేను లెక్కపెట్టానని కూడా నాకు తెలియదు.

కాబట్టి పెట్టి పక్కకు వెళ్ళండి. మూడు పూటలా నిండు కంచం మానేసి, కొంచెం కొంచెంగా అయిదారుసార్లు పెట్టండి. లోహం రుచి అంటే స్టీలు చెంచా తీసేసి ప్లాస్టిక్‌దో చెక్కదో వాడండి. వేడి తిండికి వాసన ఎక్కువ, చల్లారితే తక్కువ. వంట చేసేటప్పుడు ఆయన్ను ఇంటికి రెండో చివర కూర్చోబెట్టండి. వాంతి మాత్రలు వికారం మొదలయ్యాక వేస్తే సగమే పనిచేస్తాయి, డాక్టరు చెప్పిన వేళకే వేయండి. వాటిలో కొన్నింటివల్ల మలబద్ధకం వస్తుంది. కడుపు బిగుసుకుని తినడం లేదేమో, సిగ్గుపడకుండా అడగండి. మాకు సగం గొడవ అదే అని నెల తర్వాత తెలిసింది. నోరు పూసిందేమో చూడండి. మెత్తటి బ్రష్షు, ఉప్పూ వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్ళతో పుక్కిలించడం హాయిగా ఉంటుంది. మంచినీళ్ళు కూడా నిలవక రోజంతా వాంతులైతే మాత్రం ఇంటి వైద్యం ఆపి ఫోన్ చేయండి.

చిట్కాల గురించి. ప్రేమతోనే పంపిస్తారు, అదే చిక్కు. మూలికలూ పొడులూ కొన్ని కీమో మందు పనిని మార్చేస్తాయి. డాక్టరుకు చూపించకుండా ఏదీ ఇవ్వకండి. "డాక్టరుగారిని అడిగి చెబుతాం" అనేది మంచి జవాబు. అడిగినా అడక్కపోయినా ఆ మాటతో ఫోన్ పెట్టేస్తారు.

*అక్కా, రాయడానికి సిగ్గుగా ఉంది. చికిత్స మొదలయ్యాక ఆయన పక్క గదిలో పడుకుంటున్నారు. 'నీ నిద్ర పాడవుతుంది' అంటారు. మూడు నెలలైంది, చెయ్యి కూడా పట్టుకోలేదు. నాకు ఒంటరిగా ఉంది, ఒక్కోసారి ఆయన మీద కోపం వస్తుంది. జబ్బు మనిషి మీద కోపమేమిటని నామీద నాకే అసహ్యం. — పేరు వద్దు*

కోపం నాకూ వచ్చింది. ఒకసారి బాత్రూమ్‌లో కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఆయన్ను తిట్టాను. బయటికి వచ్చి మందులిచ్చాను. రెండూ నేనే.

కలయిక గురించి అడగడానికి డాక్టరు దగ్గర సిగ్గుపడకండి, వాళ్ళు రోజూ వింటారు. కీమో తర్వాత కొన్ని రోజులు కండోమ్ వాడమంటారు. రక్తకణాలు బాగా తగ్గినప్పుడు ఆగమనొచ్చు. చికిత్స జరుగుతుండగా, ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు గర్భం రాకుండా చూసుకోవాలి. ఎన్నాళ్ళన్నది మందును బట్టి ఉంటుంది. ఆయనకు కోరికే లేకపోవచ్చు, మందులు అది కూడా లాగేస్తాయి. అది మీ మీద విముఖత కాదు.

కానీ మీరడిగింది చెయ్యి గురించి. మా ఇంట్లో కూడా ఆయన ముందు గదిలోకి మారారు, స్టెరాయిడ్ రాత్రులు నన్ను నిద్రపోనివ్వవని. నన్ను దగ్గరకు రానివ్వడం లేదని నేననుకున్నాను. తన ఒంటి మందు వాసన నాకు పడటం లేదని ఆయన అనుకున్నారు. ఇద్దరం మర్యాదగా గోడకు చెరోపక్క పడుకున్నాం, అయిదు వారాలు. ఒక రాత్రి నేనే దుప్పటి తీసుకుని ఆయన మంచం పక్కన కింద పడుకున్నాను, ఏమీ అనలేదు. ఆయనా ఏమీ అనలేదు. కాసేపటికి ఆయన చెయ్యి మంచం అంచు మీంచి కిందికి వేలాడింది. వేళ్ళ కొసలకు తెలియదు కదా, అందుకని మణికట్టు దగ్గర పట్టుకున్నాను. మీరూ ఈ రాత్రి దిండు తీసుకుని వెళ్ళండి. అడగకండి, అడిగితే వద్దంటారు.

ఈ పేజీలన్నీ రాసి ఆయనకు చూపించాను. ఆ మంచం సంగతి చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత ఒక్క దిద్దుబాటు చెప్పారు. ఆ రోజు పెట్టుకున్నవి నాలుగు గుండీలు కాదట, అయిదట.